రైలు అడిగాం సరే, ఎక్కామా? కాకినాడ కోటిపల్లి లైన్ ఊళ్ళ వాళ్ళకి ఒక ఉత్తరం

కాకినాడ టౌన్ స్టేషన్ నుంచి కోటిపల్లి రేవు దాకా పట్టాల పక్కన ఉంటున్న అందరికీ, అంటే అరట్లకట్ట, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం, కోటిపల్లి, మధ్యలో పేరు రాయలేకపోయిన ఊళ్ళన్నిటికీ, ఏటవతల ముక్తేశ్వరం అమలాపురం వాళ్ళకి కూడా నమస్కారం.

నేను రామచంద్రపురం వాణ్ణి. ఇరవై రెండేళ్ళుగా కాకినాడలో ఉద్యోగం, పొద్దున్నే బస్సెక్కడం రాత్రికి దిగడం, అంతకంటే నా గురించి చెప్పుకోడానికేం లేదు. ఈ ఉత్తరం అసలు రైల్వే వాళ్ళకి రాద్దామనే కూర్చున్నానండి, రెండు పేజీలు రాశాను కూడా, మొత్తం తిట్లే. చదువుకుంటే నాకే సిగ్గేసింది. చించేసి మీకు రాస్తున్నా. ఎందుకో చెప్తా.

మొన్న మా వైపు ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర రైలు మాటొచ్చింది. మా బావ ఒకాయన ఉన్నాడు, మాట మొదలెడితే మైకు అక్కర్లేదు, మన లైన్ మీద రైలు తిప్పరు, మనల్ని మనుషుల్లా చూడట్లేదు, పట్టాలు వేసి పిచ్చిమొక్కలు పెంచుతున్నారు అని ఒకటే దంచుతున్నాడు. మేమందరం ఊ కొడుతున్నాం. ఎదురు బంతిలో ఒక పెద్దాయన, సామర్లకోట వైపు మనిషి, రైల్వేలో చేసి రిటైరయ్యాడట, అంతా విని మజ్జిగ పోయించుకుంటూ అడిగాడు, "బాబూ, బండి తిరిగినన్నాళ్ళు మీరు ఎన్నిసార్లు ఎక్కారు?" అని. అంతే. బంతి మొత్తం సైలెంట్. మా బావ పెరుగు కోసం అటూ ఇటూ చూశాడు.

నేను విస్తరి కింద వేళ్ళు లెక్కపెట్టుకున్నా. ఏడు. 2004 నుంచి 2020 దాకా, ఇంటికి నడిచెళ్ళేంత దూరంలో స్టేషన్ పెట్టుకుని, ఏడుసార్లు. అందులో మూడు పిల్లలకి రైలు చూపించడానికి, ఒకటి హైదరాబాద్ నుంచొచ్చిన చుట్టాలు ఫొటోలు దిగుతామంటే, ఒకటి బస్సుల బంద్ రోజున. పని మీద, రైలే కావాలని ఎక్కింది రెండుసార్లు. మీ లెక్క మీరు వేసుకోండి, నాకేం చెప్పక్కర్లేదు.

తప్పంతా మనదేనని చెప్పడానికి రాయట్లేదు, అది ముందే చెప్తున్నా. కానీ ఈ లైన్ కథ మొదట్నించీ చూస్తే ఒకటి తెలుస్తుంది, మనకి రైలు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లు పోయింది. మొదటిసారి పోవడంలో మన చేతిలో ఏమీ లేదు. రెండోసారి అలా కాదు.

గోదారి జిల్లాల్లో పెద్ద లైన్ ఎటు నుంచి ఎటు పోతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. సామర్లకోట, రాజమండ్రి, నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు. అంటే మన డెల్టా మొత్తాన్ని కిందకి వదిలేసి పైన గట్టు మీద నడిచినట్టు పోతుంది. 1890ల్లో మద్రాస్ కలకత్తా కలపాలని ఆ లైన్ వేశారు, రాజమండ్రి దగ్గర గోదారి మీద మొదటి వంతెన, అదే మనం హేవలాక్ బ్రిడ్జి అంటాం, 1897లో మొదలెట్టి 1900కి పూర్తి చేశారు. డెల్టాలోకి ఎందుకు దిగలేదంటే దిగాల్సిన అవసరం అప్పుడు వాళ్ళకి కనపడలేదు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కే అయిపోయింది, కాలవలు తవ్వేశారు, ఆ కాలవలే మనకి రోడ్లు, ధాన్యం పడవ మీద పోయేది, మనుషులు పడవ మీద పోయేవాళ్ళు, పెళ్ళివారు కూడా పడవల మీదే. ఇంకోటేంటంటే ఈ నేలలో రైలు గట్టు వెయ్యడం కూడా చిన్న పని కాదు, అడుగడుక్కీ కాలవ, బోదె, మురుగు కోడు, ప్రతిదానికీ ఒక తూమో వంతెనో కట్టాలి, లేకపోతే వానాకాలం నీళ్ళన్నీ గట్టుకి ఒక పక్కన నిలిచి చేలు కుళ్ళిపోతాయి. రైతుకి తెలుసు ఇది.

అలాంటి నేల మీద 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి లైన్ వేశారు. ఆలోచించండి, అది అప్పటికి మామూలు సంగతి కాదు. అటు కాకినాడ అంటే రేవు, ఓడలొచ్చే ఊరు. ఇటు కోటిపల్లి అంటే గోదారి పాయ గౌతమి ఒడ్డు, పడవెక్కితే అవతల కోనసీమ. మధ్యలో ధాన్యం. ఒక రేవు నుంచి ఇంకో రేవుకి రైలన్నమాట, ఒకటి సముద్రం రేవు ఒకటి ఏటి రేవు. ఆ లైన్ గీసినవాడెవడో గానీ తెలివైనవాడు.

పన్నెండేళ్ళు తిరిగింది. 1940లో పట్టాలు పీకేశారు. రెండో ప్రపంచ యుద్ధం, ఇనుము కావాలి, అంతగా ఆదాయం లేని చిన్న లైన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి పీకారు, వాటిలో మనది పడింది. మా తాతయ్యకి అప్పుడు పదేళ్ళు ఉంటాయేమో, ఆయన చెప్పేవాడు, రైలొచ్చిన రోజు జనం వెళ్ళి చూశారట గానీ రైలు పోయిన రోజు ఎవరూ వెళ్ళలేదట, కూలీలొచ్చి ఒక్కో పట్టా విప్పి అదే పట్టాల మీద వెనక్కి తోసుకుంటూ కాకినాడ వైపు వెళ్ళిపోయారట. నిజమో, ఆయన కొంచెం కలిపి చెప్పాడో నాకు తెలీదు, ఆయనకి కలిపే అలవాటు ఉంది. కానీ గట్టు మాత్రం మిగిలింది. మా ఇంట్లో దాన్ని రైలుగట్టు అనే అనేవాళ్ళు. మా అమ్మ కాపరానికొచ్చిన కొత్తలో రైలుగట్టు అంటే రైలెక్కడ అని అడిగిందట, ఈ ఊళ్ళో అంతేనమ్మా, పేరుంటుంది బండుండదు అన్నారట.

స్వాతంత్ర్యం వచ్చింది, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే వచ్చింది, మన పట్టాలు రాలేదు. డెల్టాకి అవతల పక్క చూడండి, గుడివాడ భీమవరం మీటరు గేజ్ లైన్ ఉండేది, దాన్ని బ్రాడ్ గేజ్ చేశారు, ఇప్పుడైతే విజయవాడ గుడివాడ భీమవరం నర్సాపురం, మచిలీపట్నం, నిడదవోలు అన్నీ కలిపి 221 కిలోమీటర్లు డబుల్ లైన్ చేసి కరెంటు కూడా పెట్టేశారు. వాళ్ళని చూసి కుళ్ళుకోడానికి చెప్పట్లేదండోయ్, మా మేనత్త వాళ్ళది పాలకొల్లే. ఒక లైన్‌ని వదలకుండా వాడుకుంటూ ఉంటే ఎంత దూరం పోతుందో చెప్పడానికి చెప్తున్నా.

మన పట్టాలు మళ్ళీ రావడానికి అరవై నాలుగేళ్ళు పట్టింది, దానికి ఒక్క పేరు చెప్పాలంటే ఎవరైనా బాలయోగి గారి పేరే చెప్తారు. జీఎంసీ బాలయోగి, ఎదుర్లంక మనిషి, అమలాపురం ఎంపీ, 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు. కోనసీమకి రైలు అనే మాటకి ఢిల్లీలో ఒక విలువ వచ్చిందంటే అది ఆయన వల్లే. కాకినాడ కోటిపల్లి లైన్ తిరిగి వెయ్యడం, దాన్ని అక్కడ ఆపకుండా కోటిపల్లి నుంచి ఏరు దాటించి అమలాపురం మీదగా నర్సాపురం దాకా తీసుకెళ్ళడం, రెండూ ఆయన పట్టుబట్టినవే, ఆ రెండో ముక్క 57 కిలోమీటర్లని 2000-01 రైల్వే బడ్జెట్‌లో మంజూరు చేయించారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి పోయారు. మన లైన్ 2004లో తెరిచారు. ఆయన చూడలేదు. యానాం ఎదుర్లంక వంతెనకి ఆయన పేరుంది, దాని మీద మనం వెళ్తున్నాం వస్తున్నాం, మంచిదే, కానీ ఆయన మనకిచ్చిన అసలు ఆస్తి ఈ పట్టాలు, వాటినేమో మనం ఇలా చూసుకున్నాం.

ఇప్పుడు రైల్ బస్ సంగతి. లైన్ తెరిచాక మనకి చివరికి దక్కింది అదే కదా, ఒక్క పెట్టె బండి. ఇంజిన్ వేరే ఉండదు, డీజిల్ మీద దానికదే నడుస్తుంది, చూడ్డానికి ఆర్టీసీ బస్సుకి రైలు చక్రాలు తొడిగినట్టు ఉండేది. పెద్ద పెద్ద ప్లాట్‌ఫాంల పక్కన ఆ ఒక్క పెట్టె వచ్చి ఆగితే పెద్దాయన చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా కనపడేది. మేం దాన్ని చూసి నవ్వాం. బొమ్మ రైలు అన్నాం. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నా.

కానీ ఎక్కి కూర్చుంటే ఎంత బావుండేదో. ఒకసారి కార్తీకమాసంలో మా అమ్మాయిని తీసుకుని కోటిపల్లి వెళ్ళా, అది నా ఏడులో నాలుగోది అనుకుంటా. రామచంద్రపురం దాటాక కోతకొచ్చిన చేలు, ఎక్కడో ఒకచోట కోతలు మొదలయ్యాయి, కొబ్బరి చెట్ల వరసలు, ద్రాక్షారామం రాగానే బండిలో సగం మంది చేతులెత్తి దండం పెట్టారు, గుడి అక్కడినుంచి కనిపించినా కనిపించకపోయినా భీమేశ్వరుడికి దండం పెట్టకుండా ఎలా వెళ్తాం. రోడ్డు మీద వెళ్తే ఇళ్ళ ముందు భాగాలు కనిపిస్తాయి, రైల్లో వెళ్తే పెరళ్ళు కనిపిస్తాయి, గేదెలు, గడ్డివాములు, నూతి దగ్గర బట్టలుతుక్కునేవాళ్ళు, అరుగు మీద తేగలు చీలుస్తున్న ముసలమ్మ. మా అమ్మాయి కిటికీ వదల్లేదు. కోటిపల్లిలో దిగి రేవులో స్నానం చేసి సోమేశ్వరుడి దర్శనం చేసుకుని, పంటు మీద, అదే ఏరు దాటించే బల్లకట్టు, అవతల ముక్తేశ్వరం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాం, ఊరికే, పిల్ల సరదా కోసం. తిరిగి ఎలా వచ్చామని అడక్కండి. ఆటోలో. బండి టైముకి మేం లేం, మా టైముకి బండి లేదు.

మన తప్పు కానిది ఇక్కడే ఉంది, అది కూడా చెప్పాలి. రోజు మొత్తం మీద ఒకటి రెండు ట్రిప్పులు తిరిగే బండి, అది కూడా ఉద్యోగస్తుడికి లేటు, కాలేజీ పిల్లలకి లేటు, కూరగాయలు తీసుకెళ్ళేవాళ్ళకి మరీ లేటు. జేఎన్‌టీయూలో చదివే పిల్ల తొమ్మిదింటికి క్లాసులో ఉండాలి. జీజీహెచ్‌లో ఓపీ చీటీ కావాలంటే పొద్దున్నే లైన్లో నుంచోవాలి, మన వైపు నుంచి ఎంతమంది ఆ ఆసుపత్రికి వెళ్తారో మీకు తెలుసు, చేతి కర్ర పట్టుకుని బస్సు మెట్లెక్కలేక కండక్టర్ చెయ్యి అందిస్తే ఎక్కేవాళ్ళని రోజూ చూస్తున్నా. వాళ్ళకి రైలు కావాలి, నాకంటే ఎక్కువ కావాలి, కానీ ఎండెక్కాక వచ్చే రైలు వాళ్ళకెందుకు. ఇంకా స్టేషన్‌కి ఊరి సెంటర్‌కి మధ్య దూరం. రైలు టికెట్ బస్సు టికెట్ కంటే చవకే, కానీ స్టేషన్‌కి వెళ్ళడానికి ఆటోకి ఇచ్చేది కలిపితే ఆ మిగులు అక్కడే పోయింది. బస్సు చెయ్యెత్తితే ఆగుతుంది, షేర్ ఆటో అయితే చెయ్యెత్తకపోయినా ఆగుతుంది.

ఇవన్నీ నిజాలే. కానీ ఇవి అడిగామా మనం? నాకు గుర్తున్నంతలో మనం అడిగింది ఎప్పుడూ ఒకటే, కోనసీమ రైలు. కోటిపల్లి దగ్గర ఏట్లో స్తంభాలు లేచాయా లేదా, అంతే. ఎన్నికలొస్తే కోనసీమ రైలు, బడ్జెట్ వస్తే ఎన్ని కోట్లు ఇచ్చారు, పొద్దున్నే పేపర్లో చూసి టీ కొట్టు దగ్గర పెదవి విరుపు. ఉన్న రైలు ఏడున్నరకి కాకినాడలో ఉండేలా మార్చండి అని మన లైన్ నుంచి ఎన్ని అర్జీలు వెళ్ళాయో చెప్పండి చూద్దాం. నేనైతే ఒక్కటీ పెట్టలేదు. రైల్వేలో ప్రయాణికుల సలహా సంఘాలని ఉంటాయి, డివిజన్ స్థాయిలో డీఆర్‌యూసీసీ, జోన్ స్థాయిలో జెడ్‌ఆర్‌యూసీసీ, వ్యాపార సంఘాల నుంచి ప్రయాణికుల సంఘాల నుంచి మనుషుల్ని పెడతారు, మీటింగుల్లో టైమింగుల గురించి హాల్టుల గురించి అడగొచ్చు, వాళ్ళు సమాధానం చెప్పాలి. మన లైన్‌కి ఒక ప్రయాణికుల సంఘం ఉంటే కదా అక్కడ మన మాట వినపడేది. రైస్ మిల్లర్లకి సంఘం ఉంది, లారీ ఓనర్లకి ఉంది, ఆటో వాళ్ళకి రెండున్నాయి, రైలెక్కేవాళ్ళకి లేదు. ఎందుకంటే రైలెక్కేవాళ్ళే లేరు కాబట్టి, మళ్ళీ మొదటికొచ్చాం.

ఆ పెద్దాయన పెళ్ళి భోజనం అయ్యాక బయట కుర్చీలో కూర్చుని ఉంటే నేను వెళ్ళి పక్కన కూర్చున్నా. రైల్వే ఎలా ఆలోచిస్తుందో ఒక అరగంట చెప్పాడు. ప్రతి స్టేషన్‌కీ ఒక లెక్క ఉంటుంది, ఎన్ని టికెట్లు తెగాయి, ఎంత వచ్చింది, ఎంతమంది ఎక్కారు దిగారు, 2017లో స్టేషన్లన్నిటినీ ఆ లెక్కల మీదే మళ్ళీ కేటగిరీలు చేశారట, ఫ్యాన్లు బెంచీలు మంచినీళ్ళు అన్నీ ఆ కేటగిరీని బట్టే. టికెట్ లేకుండా ఎక్కినవాడు బండిలో ఉన్నాడు గానీ లెక్కలో లేడు. "బండి నిండా జనం ఉన్నారండీ అంటారు మీ వాళ్ళు, కౌంటర్లో చూస్తే పాతిక టికెట్లు ఉంటాయి, మేం దేన్ని నమ్మాలి" అన్నాడు. నాకు నోరు లేవలేదు. ఒకటి మాత్రం ఆయనే ఒప్పుకున్నాడు, ప్యాసింజర్ బండి అంటే ఎక్కడైనా నష్టమే, టికెట్ల మీదే ప్రింట్ వేసేవాళ్ళు కదా ప్రయాణం ఖర్చులో సగటున 57 శాతమే వసూలవుతోంది అని, కాబట్టి లాభం రాలేదని చిన్న లైన్ ఆపడం న్యాయం కాదు, లాభం చూసుకుంటే సగం బళ్ళు ఆపాలి. కానీ నష్టమైనా తిప్పాలంటే అక్కడ జనానికి అది కావాలి అని కాగితం మీద కనపడాలి. కనపడ్డం అంటే టికెట్టు, సీజన్ పాసు, అంతే. ధర్నా ఫొటో పేపర్లో ఒక రోజు ఉంటుంది, సీజన్ పాసు లెక్క రిజిస్టర్లో ఏడాదంతా ఉంటుంది.

2020 మార్చిలో కరోనాకి దేశం మొత్తం రైళ్ళు ఆగాయి. మనదీ ఆగింది. తర్వాత పెద్ద బళ్ళు ఒక్కోటే మళ్ళీ పట్టాలెక్కాయి, గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కింది, సర్కారు ఎక్కింది, శేషాద్రి ఎక్కింది. మన ఒక్క పెట్టె బండి వెనకపడిపోయింది. అది ఆగిన రోజు ఏడ్చినవాళ్ళెవరూ లేరు, ఆగిందన్న సంగతే చాలామందికి కొన్నాళ్ళకి గానీ తెలీలేదు. 1940లో రైలు పోయిన రోజు చూడ్డానికి ఎవరూ వెళ్ళలేదని తాతయ్య చెప్తే అప్పట్లో జనం అమాయకులు అనుకున్నా. మనం మాత్రం ఏం చేశాం? ఆ తర్వాత మన స్టేషన్లు ఎలా ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు, ధాన్యం తడిస్తే ఆరబెట్టుకోడానికి అంత శుభ్రమైన చోటు ఇంకోటి లేదని మనకి బాగానే తెలుసు.

కోనసీమ వాళ్ళతో ఒక మాట. మీ బాధ నాకు తెలుసు. మూడు వైపులా గోదారి పాయలు, నాలుగో వైపు సముద్రం, హైదరాబాద్ బండెక్కాలంటే సామాన్లు వేసుకుని రాజమండ్రి వెళ్ళాలి, లేదా కాకినాడ రావాలి, లేదా వశిష్ట దాటి పాలకొల్లు వైపు వెళ్ళాలి. కోటిపల్లి నర్సాపురం లైన్‌కి గౌతమి, వైనతేయ, వశిష్ట మూడు పాయల మీద మూడు పెద్ద వంతెనలు కావాలి, రాష్ట్రం పాతిక శాతం వాటా పెట్టాలి, భూమి తీసుకోవాలి, మీ వైపు సెంటు భూమి అంటే బంగారం, కొబ్బరి చెట్టు ఒక్కటి కొట్టాలంటేనే ఇంట్లో మూడు రోజులు తగువు. ఇదంతా నెమ్మదిగానే అవుతుంది, తిట్టుకుంటూ అడుగుతూనే ఉండాలి, నేనూ మీతో ఉన్నా. కానీ ఆ వంతెన ఇటువైపు ఆనేది మన కోటిపల్లి స్టేషన్‌కే కదండీ. ఇటు 45 కిలోమీటర్ల మీద జనం ఎక్కట్లేదు అని కాగితాల్లో ఉంటే, అటు 57 కిలోమీటర్లకి డబ్బు అడగడానికి మీ ఎంపీ గారి నోరు ఎలా లేస్తుంది? మా టికెట్టు మీ వంతెనకి సాక్ష్యం. అందుకే మీకూ రాస్తున్నా.

పైగా ఒకసారి మ్యాప్ తీసి చూడండి, నాకు ఈమధ్యే తట్టింది. పంచారామాలు ఐదు కదా, అమరావతి పక్కన పెడితే మిగతా నాలుగు, సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం. ఆ మూడు వంతెనలు పడి లైన్ కలిసిందంటే సామర్లకోట కాకినాడ ద్రాక్షారామం కోటిపల్లి అమలాపురం నర్సాపురం పాలకొల్లు భీమవరం, నాలుగు ఆరామాలూ ఒకే దారిలో పడతాయి. కార్తీకమాసంలో పంచారామ యాత్ర అని బస్సులు ఎలా నిండుతాయో మీరే చూస్తారు, అర్ధరాత్రి బయల్దేరి నడుం విరిగేలా తిరుగుతారు జనం. దేవుడి పేరు చెప్పి రైలు అడిగితే తప్పేం లేదు, బ్రిటిష్ వాడు ధాన్యం కోసం వేశాడు, మనం శివుడి కోసం అడుగుదాం. నవ్వులాటకి అనట్లేదు, ఆ ఒక్క నెల ఆదాయం చూపించినా లెక్కకి బలమే.

కాకినాడ వాళ్ళు మాకేం సంబంధం అనుకోకండి. మీరు మెయిన్ లైన్ మీద లేరు, సామర్లకోట నుంచి చీలిన కొమ్మ మీద ఉన్నారు, అర్ధరాత్రి బండికి బ్యాగులు వేసుకుని సామర్లకోట పరిగెత్తే బాధ మీకు తెలుసు, పిఠాపురం వైపు కలిపి మెయిన్ లైన్‌లో పెట్టండి అని మీరు ఎన్నేళ్ళుగా అడుగుతున్నారో మాకూ తెలుసు. కోటిపల్లి లైన్ నర్సాపురం దాకా వెళ్తే కాకినాడ చివరి స్టేషన్ అవ్వదు, దారిలో స్టేషన్ అవుతుంది. అప్పటిదాకా అయినా మీ రోడ్ల మీద పొద్దున్నే మా ఆటోలు మా బైకులు కొంచెం తగ్గుతాయి కదా, ఆ మాత్రం లాభం చూసుకోండి.

మరి ఏం అడగాలి అంటే, నా బుర్రకి తోచింది చెప్తా, తప్పైతే దిద్దండి. పొద్దున్న కోటిపల్లిలో ఆరు ఆరున్నర ప్రాంతంలో బయల్దేరి ఎనిమిది లోపు కాకినాడ టౌన్‌లో ఉండే బండి ఒకటి. సాయంత్రం ఆఫీసులు వదిలాక ఆరింటికి అటూ ఇటుగా అక్కడినుంచి తిరిగొచ్చేది ఒకటి. మధ్యాహ్నం పెట్టినా పెట్టకపోయినా పర్లేదు, ఖాళీగా తిప్పి మళ్ళీ నష్టం అని రాసుకోవడం ఎందుకు. కుదిరితే రాత్రి గౌతమి అందుకునేలా ఒకటి, రామచంద్రపురంలో ఎక్కినవాడు సామానుతో కాకినాడలో ప్లాట్‌ఫాం మారితే చాలు హైదరాబాద్ వెళ్ళిపోవాలి. రైల్ బస్సే ఇస్తారా, కరెంటు మీద నడిచే మెము బండి ఇస్తారా వాళ్ళిష్టం, నాకు బండి అందం అక్కర్లేదు టైము కావాలి. స్టేషన్‌లో కౌంటర్ పెట్టడానికి మనిషి లేకపోతే కమీషన్ మీద టికెట్లమ్మే హాల్ట్ ఏజెంట్లని పెట్టే పద్ధతి రైల్వేలో ఎప్పట్నించో ఉంది, మన ఊళ్ళలో ఆ పని చెయ్యడానికి కుర్రాళ్ళు లేరా? ఫోన్లో రైల్వే వాళ్ళ యాప్ ఉంది, ఎవరికి వాళ్ళే తీసుకోవచ్చు. రెండు సినిమా టికెట్లు ఫోన్లో కొనేవాడు రైలు టికెట్టు కొనలేడా.

అడిగేటప్పుడు ఊరికే ప్రజలందరూ కోరుచున్నారు అని రాయకుండా పేర్లతో రాద్దాం. ఏ ఊరు, ఎక్కడ ఎక్కుతారు, ఎక్కడ దిగుతారు, ఎన్నింటికి చేరాలి, బండి పెడితే నెల పాసు తీసుకుంటారా లేదా. పాసో టికెట్టో కొననివాళ్ళు సంతకం పెట్టొద్దు, నిజంగా చెప్తున్నా, సంతకాలు తగ్గినా పర్లేదు. నేను ఒక నోటు పుస్తకం కొన్నా, రెండొందల పేజీలది. మొదటి పేజీలో నా పేరు రాసుకున్నా, రామచంద్రపురం నుంచి కాకినాడ టౌన్, పొద్దున్న తొమ్మిది లోపు, నెల పాసు అవును. రెండో పేరు మా ఆవిడది, జీజీహెచ్‌కి నెలకి రెండుసార్లు వాళ్ళమ్మని తీసుకెళ్ళాలి, పాసు అక్కర్లేదు టికెట్టు కొంటానంది, అలాగే రాశా. ఇంకా నూట తొంభై తొమ్మిది పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మన స్టేషన్ ముందు ఉంటా, పుస్తకం పట్టుకుని. ద్రాక్షారామం వాళ్ళు, వేళంగి వాళ్ళు మీ స్టేషన్ల దగ్గర మీ పుస్తకం మీరు పెట్టుకోండి, తర్వాత కలుపుదాం. టీ ఖర్చు నాది, టిఫిన్ ఎవరిది వాళ్ళదే.

ఇట్లు
రామచంద్రపురం బస్టాండ్‌లో పొద్దున్న ఏడింపావుకి రోజూ కనపడే మనిషి

తా.క. ఈ ఉత్తరం ముందు మా బావకి చదివి వినిపించా, పెళ్ళి సంగతి రాశాను కదా, తర్వాత గొడవ ఎందుకని. అంతా విని, రాసుకో పర్లేదు గానీ నా లెక్క తప్పు వెయ్యకు, నేను రెండుసార్లు కాదు మూడుసార్లు ఎక్కా అన్నాడు. నేను నీ లెక్క రాయనే లేదు బావా అన్నా. కాసేపు ఆగి, మూడోసారి టికెట్టు కొన్నానో లేదో గుర్తులేదురా అన్నాడు. ఆదివారం వస్తానన్నాడు.